లేని మనిషి మీద మమకారం

(ఫాంటసీ నవలల పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేల్స్‌లో ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే సముద్రతీరం ఉంది. అక్కడి ఇసుక తిన్నెల్లో ఒక సమాధి ఉంది. సమాధి అంటే జనం పేర్చిన రాళ్ల కుప్ప, అంతే. దాని కింద ఎవరూ లేరు. హ్యారీ పాటర్ కథలో డాబీ అనే చిన్న ప్రాణి ఉంటాడు. పెద్ద చెవులు, చింకిగుడ్డ, ఒక పెద్దింట్లో వెట్టిచాకిరీ. అతను చనిపోయే దృశ్యాన్ని సినిమా కోసం ఆ తీరంలో తీశారు. తర్వాత పాఠకులు, ప్రేక్షకులు అక్కడికి రావడం మొదలుపెట్టారు. రాళ్లు పేర్చారు, వాటి మీద రంగులతో వీడ్కోలు మాటలు రాశారు, మేజోళ్లు తెచ్చి పెట్టారు. యజమాని చేతి నుంచి ఒక మేజోడు తన చేతికి రావడంతోనే డాబీకి బానిసత్వం నుంచి విడుదల దొరుకుతుంది కాబట్టి ఆ మేజోళ్లు.

ఆ తీరం బాగోగులు చూసే నేషనల్ ట్రస్ట్‌కు ఇది తలనొప్పి అయింది. మేజోళ్లు, రాళ్ల మీది రంగు పెచ్చులు సముద్రంలో కలిస్తే అక్కడి జీవాలకు ముప్పు. 2022లో ఆ సంస్థ తన నిర్ణయం ప్రకటించింది. సమాధి ఉండవచ్చు, వస్తువులు మాత్రం వదలవద్దు, ఫొటోలు తీసుకుని వెళ్లండి అంది. నాకు ఆ తీరు నచ్చింది. పుట్టనివాడికి సమాధి ఎందుకని ఎవరూ వెక్కిరించలేదు. అక్కడికి వచ్చే దుఃఖం నిజమైనదని ఒప్పుకుని, దానికి నాలుగు నియమాలు పెట్టారు.

మనలో చాలామందికి అంత గౌరవం దొరకదు. ఒక నవలలో ఇష్టమైన పాత్ర చనిపోయి రెండు రోజులు అన్నం సహించకపోతే ఇంట్లో ఏమంటారో మీకు తెలుసు. "అది కథ కదా!" అంటారు. ఆ మాటలో ఒక నింద దాగి ఉంది. మీకు కథకూ నిజానికీ తేడా తెలియడం లేదని దాని అర్థం. నేను ఈ పూట మాట్లాడదలచుకున్నది ఆ నింద గురించే. అది తప్పు నింద. ఫాంటసీ చదివేవాళ్లకు ఆ తేడా అందరికంటే ఎక్కువగా తెలుసు. డ్రాగన్లు లేవని తెలియనివాళ్లు ఈ సభలో ఎవరూ లేరు.

తత్త్వవేత్తలకు ఇది పెద్ద చిక్కుముడి. 1975లో కోలిన్ రాడ్‌ఫర్డ్ అనే ఆయన ఒక వ్యాసంలో సూటిగా అడిగాడు: ఆ మనిషి లేదని మనకు తెలుసు, అయినా ఆమె గతి చూసి మనకు గుండె బరువెక్కుతుంది, ఇది ఎలా సాధ్యం? ఆయన ఉదాహరణ టాల్‌స్టాయ్ నవలానాయిక అన్నా కరెనినా. చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, ఇది మనకు సహజమే గానీ ఇందులో పొంతన లేదని. మూడేళ్ల తర్వాత కెండల్ వాల్టన్ ఇంకో దారి పట్టాడు. మనం నవల చదవడమంటే పిల్లలు ఆడుకునే ఆటలాంటిది ఆడటమేననీ, ఆ ఆటలో పుట్టే భయం పూర్తి భయం కాదనీ అన్నాడు. ఈ జవాబు పడకకుర్చీలో కూర్చుని ఆలోచిస్తే బాగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు తలగడలో ముఖం దాచుకుని ఏడుస్తున్నవాడితో "నీది పూర్తి దుఃఖం కాదు" అని చెప్పి చూడండి.

నాకు ఎక్కువ వెలుగు దొరికింది ఇంకా వెనక్కి వెళితే. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాస్తూ, రసం పుట్టకుండా అడ్డుపడే విఘ్నాలు ఏడు అని చెప్పాడు. అందులో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? నమ్మశక్యం కాకపోవడం. చూస్తున్నది జరిగే పనేనని మనసుకు తోచకపోతే ఇక ఏ భావమూ నిలవదు. అందుకు ఆయన చెప్పిన మందు మామూలు మనుషులకు జరిగే సంగతులను చూపించడం. అప్పుడు చూసేవాడి హృదయం పాత్ర హృదయంతో కలుస్తుంది. మరి సముద్రం దాటడం లాంటి అసాధారణమైన పనులు చూపించాలంటే? రాముడిలాంటి ప్రఖ్యాతుల పేర్లు వాడమన్నాడు. ఎందుకంటే ఆ పేరు మీద జనానికి తరతరాల నమ్మకం ఉంది. రాముడు దాటాడంటే దాటాడు.

ఇప్పుడు ఫాంటసీ నవల రాసేవాడి కష్టం చూడండి. అతనికి సముద్రాలు దాటించాలి, కొండలు ఎగిరించాలి, చచ్చినవాళ్లను లేపాలి. కానీ చేతిలో రాముడు లేడు. నిన్నటిదాకా ఎవరూ వినని పేరు పెట్టి, ఎవరూ చూడని దేశంలో నిలబెట్టి, "ఇతణ్ని నమ్ము" అనాలి. రెండు మందుల్లో ఒకటి అతనికి అందుబాటులో లేదు. మిగిలింది మొదటిదే. పాత్రలో మామూలు మనసు ఉండాలి. అసూయ, సిగ్గు, ఇంటి మీద బెంగ, అన్న మెచ్చుకోలేదన్న కినుక, ఇవి తప్ప అతనికి పెట్టుబడి లేదు.

ఫాంటసీ పాత్రలు మనల్ని అంత గట్టిగా కట్టిపడేయడానికి కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాస్తవిక నవలలో మనకు పట్టుకొమ్మలు చాలా ఉంటాయి. వీధులు తెలుసు, ఉద్యోగాలు తెలుసు, పెళ్లిళ్లు ఎలా జరుగుతాయో తెలుసు. పాత్ర నచ్చకపోయినా ఆ పరిసరాల మీద ఇష్టంతో చదివేస్తాం. ఫాంటసీలో అక్కడి ఋతువులు తెలియవు, దేవుళ్లు తెలియరు, ఏది నేరమో తెలియదు, మంత్రానికి మూల్యం ఎంతో తెలియదు. భాష రాని దేశంలో దిగినవాడికి తన భాష మాట్లాడే మనిషి ఒక్కడు తగిలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది మన పరిస్థితి. అతని చెయ్యి వదలం. అతను మంచివాడా, కాదా అన్నది తర్వాతి సంగతి.

దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. ఇప్పుడు ఇక్కడే ఒక పాత్రను కల్పిస్తాను. కొండకోటలో దీపాలు వెలిగించే పిల్ల. రచయిత మనకు ఇలా చెప్పాడనుకోండి: "ఆమెకు తమ్ముడంటే ప్రాణం. అతణ్ని శత్రువులు ఎత్తుకుపోయాక ఆమె కుమిలిపోయింది." చదివాం, సరేనన్నాం, పేజీ తిప్పాం. ఇంకో రచయిత ఇలా రాశాడనుకోండి: "సాయంత్రం ఆమె దీపాలు వెలిగించే వరుస మార్చింది. తూర్పు నడవా నుంచి మొదలుపెట్టేది ఇప్పుడు వంటశాల వైపు నుంచి మొదలుపెట్టింది. మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాల్సి వచ్చింది. నూనె గిన్నె బరువు తగ్గేసరికి తమ్ముడి గది ముందున్న దీపం ఒక్కటే మిగిలింది."

రచయిత దీనికి వివరణ ఇవ్వడు. ఆమె ఎవరితోనూ చెప్పదు. కోటలో ఎవరూ గమనించరు కూడా. చీకటి గదిని వీలైనంత చివరగా చూడాలనుకుందని మనకే అర్థమవుతుంది. మూడు వందల పేజీలు గడుస్తాయి. ఈలోగా ఆమె మంత్రం నేర్చుకుంటుంది, ఒక సైన్యాన్ని ఓడిస్తుంది. అవన్నీ మనం మరిచిపోవచ్చు. ఒక సాయంత్రం ఆమె గిన్నె తీసుకుని నేరుగా తమ్ముడి గది దగ్గరికి వెళ్లి ఆ దీపాన్ని మొదట వెలిగిస్తుంది. అప్పుడు మన గొంతు పూడుకుపోతుంది. ఆమె ఏం చేసిందో ఆ లోకంలో ఎవరికీ తెలియదు, మనకు తెలుసు. ఒక మనిషి రహస్యం మనమొక్కరమే మోస్తున్నప్పుడు ఆ మనిషికి మనం బాధ్యులమైనట్టు అనిపిస్తుంది. ఈ బాధ్యతాభావం అభిమానం కంటే లోతైనది.

నవల మొదట్లో యాభై పేజీలు రాజవంశాల చరిత్ర, నదుల పేర్లు, నాణేల మారకం చెప్పే రచయితలు చాలామంది ఉన్నారు. వంశవృక్షాలతో నాకు పేచీ లేదు, కొన్ని ఆసక్తిగానే ఉంటాయి. కానీ వంశవృక్షం చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. డాబీ కథలో డాబీ వంశం ఊసు ఉండదు. అతనికి కావలసింది చాలా చిన్నది, అది మనకు తెలుసు. ఆ సముద్రతీరంలో రాళ్లు పేర్చింది రాజులకోసం కాదని గుర్తుంచుకోండి.

ఇంతవరకు చదువుతున్న సమయం గురించి చెప్పాను. అభినవగుప్తుడిలా రసం గురించి చెప్పినవాళ్లు దాదాపుగా ఇక్కడే ఆగుతారు. నాటకం చూస్తున్నంతసేపు ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలు మరిచిపోతాడు, ఆ స్థితి ముగిశాక ఇంటికి వెళతాడు. మన సంగతి అది కాదు. పుస్తకం మూశాక అసలు కథ మొదలవుతుంది. బస్సులో కూర్చుని "ఇప్పుడు అతనైతే ఏమనేవాడు?" అనుకుంటాం. 2014లో ఎడిన్‌బరో పుస్తకోత్సవం సందర్భంగా డరమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాఠకులను దీని గురించే అడిగారు. 1,500 మందికి పైగా జవాబిచ్చారు. వారిలో 19 శాతం మంది, చదవడం ఆపేశాక కూడా పాత్రల గొంతు తమ ఆలోచనల్లో కొనసాగుతుందనో, తమ ఆలోచనా ధోరణే ఆ పాత్రలాగా మారుతుందనో చెప్పారు. ఐదుగురిలో ఒకరు! మీకు అలా జరిగితే కంగారు పడకండి, మీ వరుసలో ఇంకొకరు ఉండి ఉంటారు.

అదే బృందం రచయితలనూ అడిగింది. 181 మంది రచయితల్లో 63 శాతం మంది తమ పాత్రల గొంతు తమకు వినిపిస్తుందన్నారు. సృష్టించినవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే చదివినవాళ్లను అనడం ఎందుకు?

2021లో వెలువడిన ఇంకో ప్రయోగం ఉంది. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అభిమానులు 19 మందిని మెదడు చిత్రాలు తీసే యంత్రంలో పడుకోబెట్టారు. ఒక పేరు, ఒక గుణం చూపించి, ఈ గుణం ఆ పేరుకు తగునా అని అడిగారు. కొన్నిసార్లు వాళ్ల పేరే, కొన్నిసార్లు స్నేహితుల పేర్లు, కొన్నిసార్లు ఆ కథలోని పాత్రలు. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు చురుకయ్యే భాగం ఒకటి నుదుటి వెనక ఉంది. పాత్రలతో బాగా మమేకమయ్యే స్వభావం ఉన్నవాళ్లలో, తమ గురించి ఆలోచించినప్పుడూ పాత్ర గురించి ఆలోచించినప్పుడూ ఆ భాగం పనితీరులో మిగతావాళ్లకంటే ఎక్కువ పోలిక కనిపించింది. 19 మందితో చేసిన ప్రయోగం చిన్నది, దాని మీద మేడలు కట్టను. కానీ "అతను నాలో ఒక భాగమైపోయాడు" అని మీరు ఎవరితోనైనా అంటే, అది ఉత్త కవిత్వం కాకపోవచ్చు.

ఇందులో కాలం పాత్ర కూడా పెద్దది. 'ది వీల్ ఆఫ్ టైమ్' మొదటి సంపుటం 1990లో వచ్చింది. రచయిత రాబర్ట్ జోర్డన్ 2007లో, కథ ముగించకుండానే చనిపోయాడు. ఆయన వదిలిన రాతల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేస్తే, 14వ సంపుటం 2013లో వచ్చింది. పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టిన పాఠకుడికి ముగింపు చదివేనాటికి ముప్పై ఎనిమిది. ఈలోగా అతనికి చదువు, ఉద్యోగం, పెళ్లి, బహుశా ఒకటి రెండు చావులు. ఇన్నింటి పొడుగునా మారకుండా పక్కనే ఉన్నవాళ్లు ఎవరని అడిగితే ఆ పాత్రల పేర్లు వస్తాయి. నిజానికి రెండు సంపుటాల మధ్య ఎదురుచూసే కాలంలోనే అనుబంధం ముదురుతుంది. రచయిత ఏమీ చెప్పని ఆ రెండు మూడేళ్లలో పాత్ర బాధ్యత మొత్తం పాఠకుడిదే. ఏం జరుగుతుందో ఊహిస్తాడు, వాదిస్తాడు, పాత సంపుటాల్లో ఆనవాళ్లు వెతుకుతాడు. పన్నెండు వందల పేజీలను ఒక్క వారంలో మింగేసే ఈనాటి పాఠకులకు ఆ ఎదురుచూపు దొరకదు. అది నష్టమేనని నా ఉద్దేశం, ఒప్పుకోనివాళ్లు తర్వాత పోట్లాడండి.

ఇక దుఃఖం సంగతి. రచయితే చనిపోతే పాత్రల గతి ఏమిటి? టెర్రీ ప్రాచెట్ 2015లో చనిపోయినప్పుడు ఆయన పాఠకులు చేసిన పని నాకు ఎంతో ఇష్టం. 2004లో వచ్చిన ఆయన నవల ఒకదానిలో, కొండల మీద బురుజులు కట్టి సందేశాలు పంపే వ్యవస్థ ఉంటుంది. ఆ పనిలో చనిపోయినవాళ్ల పేరును అక్కడి పనివాళ్లు బురుజుల వరుస చివరిదాకా పంపి, మళ్లీ వెనక్కి తిప్పుతూ ఉంటారు. పేరు నడుస్తున్నంతకాలం మనిషి ఉన్నట్టే. ప్రాచెట్ పోయాక, కంప్యూటర్ పని తెలిసిన పాఠకులు తమ వెబ్‌సైట్లు పంపే సమాచారంలో, చూసేవారి కంటికి కనబడనిచోట ఆయన పేరు పెట్టారు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ పేరు ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెళుతుంది. కథలోని మనుషులు తమవాళ్లకు చేసినదాన్నే ఆ కథ రాసినవాడికి పాఠకులు చేశారు. అలా చేసినవాళ్లలో ఎవరికీ అది నవల అన్న సంగతి మరుపుకు రాలేదు.

ఇదంతా పలాయనం కాదా అని అడిగేవాళ్లకు 1939లోనే టోల్కీన్ ఒక ప్రసంగంలో జవాబిచ్చాడు. జైలు నుంచి ఖైదీ తప్పించుకోవడం వేరు, యుద్ధరంగం నుంచి సైనికుడు పారిపోవడం వేరు, రెంటినీ కలిపేయవద్దు అన్నాడు. నాకు ఆ మాట సగమే నచ్చుతుంది. మనలో ప్రతి ఒక్కరం కొన్ని రోజులు ఖైదీలం, కొన్ని రోజులు పారిపోయిన సైనికులం. ఏ రోజు ఏదో మనకు తెలుసు.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా ఇక్కడున్న చిన్నవాళ్లకు. "నన్ను ఆ పాత్ర అర్థం చేసుకున్నట్టు ఎవరూ అర్థం చేసుకోరు" అని మీలో కొందరు అనడం విన్నాను. కొంచెం ఆగి చూడండి. అతనికి మీరెవరో తెలియదు. అర్థం చేసుకుంది మీరు, అతణ్ని. ఒకరి మనసు లోపలి మాట ఏ దాపరికం లేకుండా వినడం ఎంత తృప్తినిస్తుందంటే, మనల్నే ఎవరో విన్నట్టు అనిపిస్తుంది. రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతల మీద ప్రేక్షకులకు కలిగే ఒకవైపు స్నేహం గురించి హోర్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే రాశారు. అక్కడ కనీసం అవతల ఒక మనిషి ఉన్నాడు, మనకోసం నవ్వుతున్నాడు. పాత్ర అది కూడా చేయదు. మిమ్మల్ని మెప్పించాలని చూడదు కాబట్టే అంత నిజాయితీగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ల లోపలి మాట రాసిపెట్టే రచయిత ఎవరూ లేరు, వాళ్లే తడబడుతూ చెప్పుకోవాలి. వాళ్లను పాత్రతో పోల్చి తక్కువ చేయడం అన్యాయం.

అదే సామర్థ్యం మనుషుల మీదికి మళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఇటలీలో 34 మంది ఐదో తరగతి పిల్లలకు హ్యారీ పాటర్ నుంచి కొన్ని భాగాలు చదివి చర్చించారు. కొందరికి వివక్ష గురించిన భాగాలు, కొందరికి మామూలు భాగాలు. వివక్ష భాగాలు చదివిన పిల్లల్లో, వలస వచ్చినవాళ్ల మీద అభిప్రాయం మెరుగుపడింది. అందరిలో కాదు, హ్యారీని తమవాడనుకున్నవాళ్లలోనే. పాఠం చెప్పినందుకు మారలేదు, మనవాడు చెప్పాడు కాబట్టి మారారు.

సభకు ముందు ఒక చీటీ వచ్చింది. "నాకు ఇష్టమైన సిరీస్‌లో చివరి సంపుటం కొని పెట్టుకున్నాను, చదవలేకపోతున్నాను, చదివితే వాళ్లు అయిపోతారు" అని రాశారు. ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు, నాకు వాళ్ల మీద సానుభూతి ఉంది. నా సలహా అడిగారు కాబట్టి చెబుతాను: చదవండి. ముగింపు బాగా లేకపోతే రచయితను తిట్టుకోండి, ఇన్నేళ్లు మోసినందుకు ఆ హక్కు మీకుంది. తర్వాత కొన్నాళ్లు ఆగి మొదటి సంపుటం మళ్లీ తీయండి. అతను మొదటిసారి నవ్వే చోటు ఒకటి ఉంటుంది. మీరు అప్పట్లో దాన్ని దాటేసి ఉంటారు. ముగింపు తెలిసి చదివితే ఆ నవ్వు దగ్గర పేజీ తిప్పడం కష్టమవుతుంది. చివరి సంపుటాన్ని అలమరలో పెట్టుకున్నవాళ్లకు ఆ చోటు దొరకదు.

ఇక మీరు అడగండి. ఎదురుచూపు గురించి పోట్లాడతామన్నవాళ్లు ముందు.